మంచినీళ్ళ ప్రాయం

ఏప్రిల్ మొదటి ఆదివారం మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఒక మెసేజ్ వచ్చింది. ఈ నెల నుంచి మెయింటెనెన్స్ 2,500 కాదు, 3,850. బోరులో నీళ్ళు తగ్గాయి కాబట్టి రోజుకో ట్యాంకర్ తెప్పించాలట. దాని కిందే ఇంకో లైను ఉంది. సెల్లార్‌లో నీళ్ళు వృథా అవుతున్నాయి కాబట్టి వాచ్‌మన్ వాళ్ళ నల్లా ఇకమీదట పొద్దున ఒక గంట మాత్రమే వదులుతారు.

ఆ మెసేజ్‌కి పద్ధెనిమిది థంబ్స్‌అప్‌లు పడ్డాయి. అందులో ఒకటి మా నాన్నది. నేను కూడా చదివి, ఫోన్ పక్కన పడేసి స్నానానికి వెళ్ళాను. ఎప్పట్లాగే బ్లూటూత్ స్పీకర్‌లో మూడు పాటలు అయ్యేదాకా షవర్ కింద నిలబడ్డాను. ఆ మెసేజ్‌కీ నా స్నానానికీ సంబంధం ఉందని నాకు అప్పుడు తట్టలేదు. తట్టాక రాస్తున్న వ్యాసం ఇది.

ముందే ఒక మాట. నేను చదివిందంతా ఇంగ్లీష్ మీడియం. తెలుగు సెకండ్ లాంగ్వేజ్‌గా పాస్ అయ్యానంతే. కాబట్టి తప్పులుంటే మన క్లబ్ సీనియర్లు దిద్దాలి. లెక్కల్లో తప్పులుంటే మాత్రం నాకే చెప్పండి.

మా అమ్మమ్మది కనిగిరి దగ్గర పల్లెటూరు. ఫ్లోరైడ్ నీళ్ళకి పేరుపడ్డ ప్రాంతం అది. చిన్నప్పుడు సెలవులకి వెళ్తే ఆవిడ ఇంట్లో నాకు అర్థం కాని రూల్ ఒకటి ఉండేది. వంటింట్లో మూతపెట్టిన స్టీలు బిందె ఒకటి, పెరట్లో సిమెంటు తొట్టి ఒకటి. బిందెలోవి మంచినీళ్ళు, తొట్టిలోవి వాడకం నీళ్ళు. ఒకసారి నేను ఆడుకుని వచ్చి బిందెలో చెంబు ముంచి కాళ్ళు కడుక్కున్నాను. అమ్మమ్మ కొట్టలేదు, తిట్టలేదు. "అయ్యో, మంచినీళ్ళు రా అవి" అంది. పాలు ఒలికిపోతే అన్నట్టు అంది.

ఈ మధ్య మన క్లబ్ మీటింగులో జాతీయాల గురించి మాట్లాడుకున్నప్పుడు "మంచినీళ్ళ ప్రాయంగా" అన్న మాట వచ్చింది. డబ్బు మంచినీళ్ళ ప్రాయంగా ఖర్చు పెట్టేశాడు అంటే లెక్కాపత్రం లేకుండా పెట్టేశాడని అర్థం. నాకు వెంటనే అమ్మమ్మ గుర్తొచ్చింది. ఆవిడ దగ్గర మంచినీళ్ళు ఒక్క చెంబు కూడా మంచినీళ్ళ ప్రాయంగా ఖర్చయ్యేవి కావు. డబ్బు సంగతేమో గానీ, నీళ్ళకి మాత్రం ఆవిడ దగ్గర లెక్క ఉండేది.

హైదరాబాద్‌లో మా ఫ్లాట్‌లో ఆ తేడా లేదు. పైన ట్యాంకు ఒక్కటే. కార్పొరేషన్ నీళ్ళు, బోరు నీళ్ళు, ట్యాంకర్ నీళ్ళు అన్నీ అందులోనే కలుస్తాయి. అవే వంటింట్లోకి, అవే బాత్రూంలోకి, అవే ఫ్లష్‌లోకి. నాగార్జునసాగర్ వెనక నుంచి కృష్ణ నీళ్ళని 100 కిలోమీటర్లకి పైగా, ఎల్లంపల్లి నుంచి గోదావరి నీళ్ళని అంతకంటే ఇంకా దూరం పంపు చేసి, శుద్ధి చేసి, మన ఇళ్ళదాకా తెస్తున్నారు. వాటిలో పెద్ద భాగాన్ని మనం ఒక బటన్ నొక్కి డ్రైనేజీలోకి పంపిస్తున్నాం. అమ్మమ్మ చూస్తే ఏమంటుందో నాకు తెలుసు.

సరే, లెక్కకి వద్దాం. సీఎస్ వాళ్ళకి ప్రోగ్రాం స్లోగా నడుస్తుంటే మొదట చేసే పని ఊహించడం కాదు, కొలవడం. ఏ ఫంక్షన్ ఎంత టైం తింటోందో చూస్తాం. మెయింటెనెన్స్ పెరిగిన వారం నాన్న ఇంట్లో "నీళ్ళు జాగ్రత్త" అని రోజూ అంటున్నారు గానీ, ఎక్కడ జాగ్రత్తపడాలో ఆయనకీ తెలీదు. అందుకని ఒక 20 లీటర్ల బకెట్, ఒక లీటర్ సీసా, ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టుకుని వారం రోజులు మా ఇంట్లో నీళ్ళు కొలిచాను.

మొదట షవర్. బకెట్ కింద పెట్టి తిప్పితే రెండు నిమిషాల్లో నిండింది. అంటే నిమిషానికి 10 లీటర్లు. నా మూడు పాటల స్నానం 14 నిమిషాలు. మొత్తం 140 లీటర్లు.

ఇక్కడ కొంచెం ఆగాలి. మన దేశంలో డ్రైనేజీ లైన్లు ఉన్న నగరాల్లో ఒక మనిషికి రోజు మొత్తానికి, అంటే తాగడం, వంట, స్నానం, బట్టలు, ఫ్లష్ అన్నీ కలిపి 135 లీటర్లు అని లెక్కేసి నీళ్ళ సరఫరా ప్లాన్ చేస్తారు. పల్లెల్లో 2019లో మొదలైన జల్ జీవన్ మిషన్ లెక్క అయితే మనిషికి 55 లీటర్లే. నేను కాలేజీ బస్సు ఎక్కేలోపే, ఒక్క స్నానంతోనే నగరం కోటా దాటేశాను.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. చెల్లి షవర్ 80 లీటర్లు. నాన్న రెండు బకెట్లు, 40. అమ్మ బకెట్టున్నర, 30. మాది పాత ఫ్లష్ ట్యాంకు, నొక్కినప్పుడల్లా 10 లీటర్లు. నలుగురం కలిపి రోజుకి 20 సార్లు అనుకుంటే 200. వంటగదిలో గిన్నెలు, కూరగాయలు, బియ్యం కడగడం కలిపి 110. వాష్‌బేసిన్ 60. వాషింగ్ మెషిన్ రోజు విడిచి రోజు వేస్తాం, సగటున 50. ఇల్లు తుడవడానికి 20. ఆర్‌ఓ ఫిల్టర్‌కి 60, దాని కథ తర్వాత చెప్తాను. అంతా కలిపితే 790. నలుగురికి పంచితే మనిషికి దాదాపు 200 లీటర్లు.

ఇందులో నాకు సిగ్గనిపించిన విషయం మొత్తం సంఖ్య కాదు. రోజంతా నీళ్ళతో పనిచేసేది అమ్మ, గిన్నెలు తోమడానికి వచ్చే ఆంటీ. ఇంట్లో అందరికంటే తక్కువ వృథా చేసేది కూడా వాళ్ళే. ఆంటీ పంపు తిప్పి వదిలేయదు. ఒక టబ్బులో సబ్బు పెట్టిన గిన్నెలు, ఇంకో టబ్బులో మంచినీళ్ళు పెట్టుకుని ముంచి తీస్తుంది. ఎందుకలా అని అడిగితే, "మా బస్తీలో దినం తప్పి దినం వస్తయ్ బాబూ నీళ్ళు, గదే అలవాటు" అంది. ఎవరైతే ఎప్పుడూ నీళ్ళు మోసుకోలేదో, పట్టుకోలేదో, వాళ్ళ దగ్గరే నీళ్ళు పోతున్నాయి. మా ఇంట్లో అది నేను.

తర్వాత సెల్లార్‌కి వెళ్ళాను. వాచ్‌మన్ అంకుల్ వాళ్ళూ నలుగురే. 200 లీటర్ల నీలం డ్రమ్ము ఒకటి, నాలుగు బకెట్లు. పొద్దున నల్లా వదిలిన గంటలో అవి నింపుకుంటే రోజంతా అంతే. 280 లీటర్లు, మనిషికి 70. మా అందరి బిల్లు పెంచారని నల్లా కట్టేయించుకున్న కుటుంబం వాడేది మా ఇంట్లో మూడో వంతు దగ్గర. నా రెండు స్నానాలు అంతే.

మరి సెల్లార్‌లో నీళ్ళు పారడం అందరూ చూశారు కదా? చూశారు. నేనూ చూశాను. అవి కార్లు కడిగిన నీళ్ళు. వారానికి మూడు రోజులు 11 కార్లు పైపుతో కడుగుతారు. ఒక్కో కారుకి ఐదు నిమిషాలు అనుకున్నా 50 లీటర్లు, 11 కార్లకి 550. కడిగేది వాచ్‌మన్ అంకులే. కడగమనేది మేమే. ఆ 550 లీటర్లు ఎవరి ఖాతాలో రాయాలి? 2024 మార్చిలో బెంగళూరులో నీళ్ళకి కటకట వచ్చినప్పుడు తాగేనీళ్ళతో కారు కడిగితే 5,000 రూపాయల జరిమానా అన్నారు. అక్కడ జరిమానా కారు కడిగించుకునేవాళ్ళకి తగిలేలా పెట్టారు. మా దగ్గర శిక్ష పైపు పట్టుకున్నవాళ్ళ పిల్లలకి పడింది.

ఆంటీతో మాట్లాడాను. వాళ్ళది పాలమూరు. "మాకాడ బోర్లు ఎండబట్టే గద బిడ్డా పట్నం వచ్చినం. నీళ్ళ ఇలువ మాకు జెప్తున్నరు" అని నవ్వింది. కోపంగా అని ఉంటే బాగుండేది. నా దగ్గర జవాబు లేదు. మెసేజ్‌కి థంబ్స్‌అప్ కొట్టింది మా ఇల్లు కూడా కదా.

ఇప్పుడు అసలు పాయింట్. నీళ్ళు పొదుపు చేయాలని మనకి తెలీక కాదు. ఒకటో తరగతి నుంచీ డ్రాయింగ్ పోటీల్లో కారుతున్న కుళాయి బొమ్మ గీస్తూనే ఉన్నాం. నాకొక సర్టిఫికెట్ కూడా ఉంది. అయినా వృథా ఆగకపోవడానికి మన అపార్ట్‌మెంట్ లెక్కలోనే ఒక బగ్ ఉంది.

చూడండి. 5,000 లీటర్ల ట్యాంకర్ మాకు 900 రూపాయలు. లీటరు 18 పైసలు. నా 140 లీటర్ల స్నానం 25 రూపాయలు. కానీ ఆ బిల్లుని 20 ఫ్లాట్లు సమానంగా పంచుకుంటాం. అంటే నా స్నానానికి మా ఇంటిమీద పడేది రూపాయి పావలా. మిగతా 23 రూపాయల 75 పైసలు ఇరుగుపొరుగు వాళ్ళు కడుతున్నారు. తిప్పి చూస్తే ఇంకా ఘోరం. అమ్మ జాగ్రత్తపడి రోజుకి 45 లీటర్లు మిగిల్చిందనుకోండి, దాని విలువ 8 రూపాయలు. మా ఇంటికి మిగిలేది 40 పైసలు. వృథా చేసినవాడికి శిక్ష లేదు, పొదుపు చేసినవాళ్ళకి ఫలితం లేదు. అలాంటి సిస్టంలో నీతివాక్యాలు పనిచేయవు. ఎవరో ఒకరి మీద తోసేయడమే మిగులుతుంది. ఆ ఎవరో ఒకరు ఎప్పుడూ సెల్లార్‌లోనే ఉంటారు.

అందుకే నా అభిప్రాయం ఇది: నీళ్ళ లెక్క పంపు తిప్పేవాళ్ళ కంటికి కనపడాలి. ప్రతి ఫ్లాట్‌కీ మీటర్ ఉండాలి. కరెంటు మీటర్ ఫ్లాట్‌కొకటి ఉంది కాబట్టే మా నాన్న గదిలోంచి బయటికి రాగానే ఫ్యాన్ ఆపుతారు. అదే మనిషి గడ్డం గీసుకుంటూ పంపు వదిలేస్తారు. మనిషి మారలేదు, మీటర్ లేదంతే. హైదరాబాద్‌లో 2021 జనవరి నుంచి ఇంటికి నెలకి 20,000 లీటర్ల దాకా ఉచితంగా ఇచ్చే పథకంలో కూడా బస్తీలు మినహా మిగతావాళ్ళకి మీటర్ తప్పనిసరి అన్నారు. కానీ అపార్ట్‌మెంట్‌కి ఆ మీటర్ గేటు దగ్గర ఒక్కటే. అది బిల్డింగ్ మొత్తం ఎంత వాడిందో చెప్తుంది. నేనెంత వాడానో చెప్పదు.

మీటర్లు వచ్చేదాకా ఏం చేయాలి? మా ఇంట్లో చేసినవి చెప్తాను. ఏదీ గొప్ప ఆవిష్కరణ కాదు.

నేను షవర్ మానేసి బకెట్‌కి వచ్చాను. బకెట్టున్నర, 30 లీటర్లు. మొదటి రెండు రోజులు చిరాకేసింది, తర్వాత అలవాటైంది. చెల్లి షవర్ మానను అంది, 5 నిమిషాలకి ఒప్పుకుంది. పాత ఫ్లష్ ట్యాంకులో నీళ్ళు నింపిన లీటర్ సీసాలు రెండు పెట్టాం. ప్రతిసారీ రెండు లీటర్లు తగ్గుతాయి. ఇటుక పెట్టొద్దు, అది నాని పొడి రాలి లోపలి పార్టులు పాడవుతాయి. సీసా కూడా లోపల లేచే దేనికీ తగలకుండా చూసుకోవాలి. వంటింటి పంపుకి, వాష్‌బేసిన్‌కి ఏరేటర్ బిగించాం. గాలి కలిపి వదిలే చిన్న జాలీ అది. ముందు లీటర్ సీసా 7 సెకన్లలో నిండేది, ఇప్పుడు 15 సెకన్లు పడుతోంది. చేతికి తేడా తెలియడం లేదు.

ఇప్పుడు ఆర్‌ఓ కథ. లీటర్ మంచినీళ్ళు పట్టేసరికి పక్క పైపులోంచి మూడు లీటర్లు సింకులోకి పోతున్నాయి. తాగడానికీ వంటకీ రోజుకి 15 లీటర్లు పడితే 45 లీటర్లు పారబోస్తున్నట్టు. ఆ పైపుని బకెట్‌లోకి తిప్పాం. అమ్మ సంతోషంగా ఆ నీళ్ళు తులసి మొక్కకి పోసింది. పది రోజులకి ఆకుల అంచులు మాడాయి. తప్పు నాది. ఫిల్టర్ వదిలేసిన ఉప్పంతా ఆ నీళ్ళలోనే కదా ఉండేది, ముందే చెప్పాల్సింది. అసలే మాది ట్యాంకర్ నీళ్ళు, కరిగిన లవణాలు ఎక్కువ. అందుకని ఇప్పుడు అవి ఇల్లు తుడవడానికీ, బాత్రూంలో పోయడానికీ మాత్రమే వాడుతున్నాం. మీ నీళ్ళలో లవణాలు తక్కువుంటే అసలు ఆర్‌ఓ అవసరమా అని కూడా ఆలోచించండి. లీటర్‌కి 500 మిల్లీగ్రాముల లోపు ఉన్నచోట ఆర్‌ఓ వాడకాన్ని నిషేధించమని 2019లోనే జాతీయ హరిత ట్రిబ్యునల్ ప్రభుత్వానికి చెప్పింది.

ఇవన్నీ చేశాక మళ్ళీ కొలిచాను. 790 కాస్తా 500కి వచ్చింది. మనిషికి 125. రోజుకి 290 లీటర్లు మిగిలాయి. 20 ఫ్లాట్లూ మాలాంటివే అనుకుంటే 5,800 లీటర్లు. అంటే మేం రోజూ కొంటున్న ట్యాంకర్ కంటే ఎక్కువ. ఎవరింట్లోనూ ఎవరూ దాహంతో ఉండక్కర్లేదు, మురికిగా తిరగక్కర్లేదు.

నా ఫ్రెండ్ ఒకడు ఇదంతా విని, "మామా, దేశంలో నీళ్ళలో ఎక్కువ భాగం వ్యవసాయానికే పోతాయి, నీ బకెట్‌తో ఏమొస్తుంది?" అన్నాడు. నిజమే, ఎక్కువ భాగం పొలాలకే. కానీ మా ట్యాంకర్ ఎక్కడినుంచి వస్తోంది? ఊరి చివర ఎవరిదో బోరులోంచి. ఆ బోరు పక్కన కూడా పొలాలున్నాయి, ఇళ్ళున్నాయి. నేను షవర్ కింద పాట వినడానికి తెప్పించిన నీళ్ళు అక్కడ ఇంకొకరి భూమిలోంచి వచ్చినవే. 2019 వేసవిలో చెన్నైకి నీళ్ళిచ్చే చెరువులు ఎండిపోయి, జోలార్‌పేట నుంచి రైల్లో నీళ్ళు తెచ్చారు. ఆ రైలు కూడా ఎక్కడో ఒక ఊరి నీళ్ళతోనే నిండాలి. రైతు ఎంత వాడాలన్నది పెద్ద చర్చ, జరగాలి. దాని వంక పెట్టుకుని నేను పంపు వదిలేయడం మాత్రం కుదరదు.

మే నెల మీటింగుకి నాన్నతో కలిసి వెళ్ళాను. లెక్కలు ఒక పేజీలో రాసుకెళ్ళి చదివాను. ముందు ఒక అంకుల్ "బీటెక్ చదువుకోక నీకెందుకు బాబూ ఇవన్నీ" అన్నారు. ట్రెజరర్ అంకుల్ మాత్రం సరైన ప్రశ్న అడిగారు. మాది పాత బిల్డింగ్, ఒక్కో ఫ్లాట్‌లోకి పైనుంచి మూడు పైపులు దిగుతాయి. ఫ్లాట్‌కి ఒక మీటర్ సరిపోదు, మూడు కావాలి. మొత్తం 60. ఖర్చెవరిది? ఇంకో ఆంటీ, తమ ఇంట్లో మంచంలో ఉన్న అత్తగారు, చంటిపాప ఉన్నారనీ, మీటర్ పెడితే తమకి అన్యాయమనీ అన్నారు. అదీ నిజమే. తలకి ఇన్ని లీటర్లు అని అవసరమైనంత మామూలు రేటుకి ఇచ్చి, ఆపైన వాడినదానికి ఎక్కువ వేస్తే సరిపోతుందేమో అన్నాను. నా దగ్గర అన్నిటికీ జవాబులు లేవు.

మీటర్ల సంగతి "వచ్చే మీటింగులో చూద్దాం" అయింది. మీకు తెలుసు కదా, దాని అర్థం ఏంటో. కార్లు వారానికి ఒకసారి, అదీ బకెట్‌తో తుడవడం అన్నది ఒప్పుకున్నారు. చివర్లో నాన్న లేచి, "ఆ నల్లా విషయంలో నేను కూడా చూడకుండా సరే అన్నాను. అది తప్పు. వాళ్ళ నల్లా వదలండి" అన్నారు. మా నాన్న నలుగురిలో తప్పు ఒప్పుకోవడం నేను మొదటిసారి చూశాను. మర్నాటి నుంచి సెల్లార్ నల్లా రోజంతా వస్తోంది. విచిత్రం ఏంటంటే, ఆంటీ ఇప్పటికీ ఆ డ్రమ్మూ, నాలుగు బకెట్లే వాడుతోంది.

జూన్‌లో వానలు పడ్డాయి, ట్యాంకర్లు ఆగాయి, మెయింటెనెన్స్ మళ్ళీ 2,500. గ్రూపులో ఇప్పుడు నీళ్ళ ఊసే లేదు. అదే నా భయం. మనకి నీళ్ళు గుర్తొచ్చేది ఏప్రిల్‌లో, మర్చిపోయేది జూన్‌లో. మీటర్లు పెట్టుకోవాల్సింది, పాత పైపులు మార్చుకోవాల్సింది ఈ గుర్తులేని నెలల్లోనే.

ఇది చదివిన మీకు ఒక చిన్న అసైన్‌మెంట్. ఇంటర్నల్ మార్కులు ఏమీ లేవు. ఇల్లయినా, హాస్టలయినా, రేపు మీ షవర్ కింద ఒక బకెట్ పెట్టి ఎన్ని నిమిషాల్లో నిండుతుందో చూడండి. బకెట్ ఎన్ని లీటర్లదో ఆ సంఖ్యని ఆ నిమిషాలతో భాగించి, మీ స్నానం ఎన్ని నిమిషాలో దానితో గుణించండి. వచ్చిన సంఖ్య ఎవరికీ చెప్పక్కర్లేదు. మీకు తెలిస్తే చాలు.

నాది 140 ఉండేది. ఇప్పుడు 30.